కళ్ల కింద సంచులకు ఆపరేషన్: కొవ్వు తీయించాలా, సర్దించాలా?

గోదావరి గట్టు (రాజమండ్రి) – ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నాకు 47 ఏళ్లు, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ముప్ఫై అయిదు దాటినప్పటి నుంచి కళ్ల కింద సంచులు మొదలయ్యాయి. మా నాన్నగారికీ అచ్చం ఇలాగే ఉండేవి. రాత్రి నిద్ర బాగా పడుతుంది, ఆరోగ్యం బాగానే ఉంటుంది. అయినా క్లాసులో ఎవరో ఒక పిల్ల "టీచర్, ఏడ్చారా?" అని అడుగుతూనే ఉంటుంది. మొదట్లో నవ్వేసేదాన్ని. ఇప్పుడు ఆ మాట వింటే మనసు చివుక్కుమంటోంది.

మాఘంలో మా అమ్మాయి పెళ్లి. ఇంకా మూడు నెలలకు పైగా టైముంది. ఇద్దరు డాక్టర్లకు చూపించుకున్నాను. ఒకరు "ఫిల్లర్, అంటే చర్మం కింద నింపే జెల్, ఇంజెక్షన్ చేస్తాను, అరగంట పని" అన్నారు. ఇంకొకరు "కింది రెప్ప వెంట్రుకల కింద కోసి కొవ్వు, చర్మం రెండూ తీసేస్తాను" అన్నారు. ఎందుకు ఇదే చేయాలో ఇద్దరూ చెప్పలేదు. కీర దోస ముక్కలు, ఫ్రిజ్‌లో పెట్టిన టీ బ్యాగులు, 1,800 రూపాయల క్రీము అన్నీ అయ్యాయి. చేయించుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. కంటి దగ్గర కత్తి అంటేనే టెన్షన్‌గా ఉంది.

పటమట పిల్లాడు (హైదరాబాద్) – ఆదివారం, రాత్రి 10.15

అక్కా, నాకు 31. మాది విజయవాడ, ఉద్యోగం ఇక్కడ. మా ఇంట్లో కూడా ఇది వంశపారంపర్యమే. ఇంటర్ చదివేటప్పటి నుంచే ఉండేవి. 14 నెలల క్రితం చేయించుకున్నాను. నాకు రెప్ప లోపలి నుంచి చేశారు. కింది రెప్పను మెల్లగా కిందికి లాగితే లోపల ఎర్రగా కనబడుతుంది చూడండి, అక్కడ గాటు పెట్టి కొవ్వు తీశారు. బయట మచ్చ లేదు, కుట్టు కూడా పడలేదు.

మత్తు ఎలా అని భయపడకండి. చేతికి సెలైన్ పెట్టి నిద్రమత్తు మందు ఇచ్చారు, కంటి దగ్గర మొద్దుబారడానికి ఇంజెక్షన్. సూది గుచ్చినప్పుడు మంట తెలిసింది, ఆ తర్వాత ఎవరో వేలితో నొక్కుతున్నట్టు అనిపించిందంతే. రక్తం ఆపడానికి కాలుస్తారట, ఆ వాసన మాత్రం వచ్చింది. రెండు కళ్లకూ కలిపి గంటంబావు. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాను. పదో రోజున ఆఫీసుకు వెళ్లాను, అప్పటికి కళ్లజోడు పెట్టుకుంటే కనబడనంత పసుపు రంగు మాత్రమే మిగిలింది.

అయితే మీ వయసు, మీ చర్మం వేరు. నాకు సరిపోయింది మీకు సరిపోతుందని చెప్పలేను.

రెప్పల డాక్టర్ – సోమవారం, ఉదయం 6.50

నేను కంటి రెప్పల ఆపరేషన్లు చేసే డాక్టర్ని. ఇక్కడ ఎవరికీ ఫలానా ఆపరేషన్ చేయించుకోండి అని చెప్పను. చూడకుండా అది చెప్పకూడదు. కానీ మేడమ్, మీ ఇద్దరు డాక్టర్లూ చెప్పకుండా వదిలేసిన విషయం చెప్పగలను.

కళ్ల కింద ఉబ్బు అనే ఒక్క మాట వెనక నాలుగైదు వేరు వేరు సమస్యలు ఉంటాయి. కనుగుడ్డు చుట్టూ మెత్తగా కొవ్వు ఉంటుంది. కింది రెప్ప వెనక అది మూడు అరలుగా ఉంటుంది: ముక్కు వైపు ఒకటి, మధ్యలో ఒకటి, చెవి వైపు ఒకటి. ముందుకు జారకుండా ఒక పలచటి పొర దాన్ని పట్టి ఉంచుతుంది. వయసు వల్లో, పుట్టుకతో వచ్చిన తీరు వల్లో ఆ పొర వదులైతే కొవ్వు ముందుకు పొంగుతుంది. అదే సంచి. ఇది కొందరిలో కథ. మరికొందరిలో కొవ్వు పెద్దగా ఉండదు, బుగ్గ కిందికి జారి, ముక్కు పక్క నుంచి ఏటవాలుగా ఒక పల్లం పడుతుంది. ఆ పల్లం నీడ వల్ల పైన ఉన్న కాస్త ఉబ్బూ కొండలా కనబడుతుంది. ఇంకొందరిలో చర్మం వదులు. ఇంకొందరిలో ఉట్టి నీరు.

ఇంట్లో అద్దం ముందు ఒకసారి చూసుకోండి. తల కదపకుండా కళ్లు మాత్రం పైకి తిప్పండి. ఉబ్బు ఇంకా ముందుకు వస్తే కొవ్వు వాటా ఎక్కువ. పొద్దున్న ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గిపోతే, ఆవకాయ తిన్న మర్నాడు పెరుగుతూ ఉంటే నీరు. ఉబ్బు రెప్ప మీద కాకుండా కంటి కింద ఎముక దాటి బుగ్గ మీద ఉంటే అది వేరే జబ్బు కిందే లెక్క, మామూలు రెప్ప ఆపరేషన్‌తో పోదు. అది తెలియక చేయించుకుని బాధపడేవాళ్లను చూశాను.

థైరాయిడ్ పరీక్ష, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించారా? నిద్ర లేచేసరికి కళ్లు ఉబ్బి, సాయంత్రానికి కాళ్లు కూడా వాస్తుంటే ముందు కిడ్నీ సంగతి చూడాలి. కనుగుడ్లు కొంచెం ముందుకు వచ్చినట్టుంటే థైరాయిడ్. ఇవి తేల్చకుండా కత్తి పట్టకూడదు.

గోదావరి గట్టు (రాజమండ్రి) – సోమవారం, సాయంత్రం 5.30

డాక్టర్ గారూ, చాలా కృతజ్ఞతలు. స్కూలు నుంచి రాగానే అద్దం దగ్గరకే వెళ్లాను. పైకి చూస్తే ఉబ్బు స్పష్టంగా ముందుకు వస్తోంది. ముక్కు వైపు ఎక్కువ. పొద్దున, సాయంత్రం పెద్ద తేడా లేదు. దాని కింద మీరన్న ఏటవాలు పల్లం కూడా ఉంది, నేను ఇన్నాళ్లూ దాన్ని నలుపు అనుకున్నాను. మావారు సెల్‌ఫోన్ లైటు ఎదురుగా పెట్టి చూస్తే ఆ నలుపు మాయమైంది! అంటే నీడేనా?

రెప్పల డాక్టర్ – సోమవారం, రాత్రి 10.05

ఎదురు వెలుగులో మాయమైతే నీడే. వెలుగు పడ్డా అలాగే ఉంటే చర్మంలో ఉన్న రంగు. రెండూ కలిసి ఉండే వాళ్లే మన దగ్గర ఎక్కువ. ఆపరేషన్ నీడను తగ్గిస్తుంది, రంగును తగ్గించదు.

ఓరుగల్లు ఆడబిడ్డ (హనుమకొండ) – సోమవారం, రాత్రి 11.20

అక్కా, ఫిల్లర్ గురించి నా అనుభవం చెప్పాలి, ఇంకొకరు పడకూడదని. రెండేండ్ల కింద ఒక బ్యూటీ క్లినిక్‌లో చేయించుకున్న. నాకు సంచులు బాగానే ఉండేవి, వాటి కింద పల్లం నింపితే సమంగా కనబడుతుందన్నారు. చేసింది డాక్టరేనా అని కూడా అడగలేదు, అది నా తప్పు. మొదటి రెండు వారాలు బాగుంది. మూడో నెల నుంచి ఉబ్బు పెరిగింది. ట్యూబ్‌లైటు కింద నిలబడితే కంటి కింద నీలంగా గీత కనబడేది. మా చెల్లె "ఎక్కడ తాకించుకున్నవ్?" అని అడిగింది.

వాళ్లను అడిగితే ఇంకో సిరంజి వేస్తే సర్దుకుంటుందన్నారు. అక్కడికి మళ్లీ పోలేదు. హైదరాబాద్‌లో కంటి రెప్పల స్పెషలిస్టు దగ్గరకు పోతే, మందు కరిగించే ఇంజెక్షన్ మూడుసార్లు చేసి తీసేశారు. డబ్బు పోయింది, ఏడాది పోయింది. ఆలుగడ్డ ముక్కలు పెట్టుకుని ఊరుకున్నా ఇంత నష్టం ఉండేది కాదు.

రెప్పల డాక్టర్ – మంగళవారం, ఉదయం 6.40

అమ్మా, తప్పు మీది కాదు. అడగకుండానే చెప్పాల్సిన బాధ్యత వాళ్లది.

ఫిల్లర్ అంటే సాధారణంగా హయాలురోనిక్ యాసిడ్ జెల్. దానికి నీటిని పట్టుకునే గుణం ఉంది. కంటి కింద చర్మం శరీరం మొత్తంలో చాలా పలచన. జెల్ పైపైన పడితే వెలుగు చెదిరి నీలంగా కనబడుతుంది. పల్లం మాత్రమే ఉండి సంచి పెద్దగా లేని వాళ్లకు, ఎముకను ఆనుకుని లోతుగా కొద్ది మోతాదులో వేస్తే బాగా పనిచేస్తుంది. పెద్ద సంచి ఉన్నచోట దాని పక్కన ఇంకో దిబ్బ పోసినట్టవుతుంది. కరిగించే మందు హయాలురోనిడేజ్ ఉంది కాబట్టి వెనక్కి తీసుకునే వీలుంది, అది దీని మంచి గుణం. కానీ జెల్ పొరపాటున రక్తనాళంలోకి పోతే చూపే పోవచ్చు. చాలా అరుదు, అయినా ఉంది. కరిగించే మందు చేతికి అందేలా పెట్టుకోని చోట ఈ ఇంజెక్షన్ వేయించుకోకండి.

ఇక టీచర్ గారి సందేహం: కొవ్వును తీయించాలా, సర్దించాలా? రెప్ప లోపలి నుంచి వెళ్లే దారి కొత్తది కాదు, 1924లోనే బూర్గే అనే ఫ్రెంచి సర్జన్ దాని గురించి రాశాడు. మారింది కొవ్వు విషయంలో మా ఆలోచన. ఒకప్పుడు కనబడిన కొవ్వంతా తీసేసేవాళ్లు. పదేళ్లు పోయాక ఆ కళ్లు గుంటలు పడి, మనిషి ఇంకా పెద్దగా కనబడేవాడు. ఇప్పుడు చాలామందిమి కొవ్వును దాచుకుంటాం. ముక్కు వైపు, మధ్యలో పొంగిన కొవ్వును మొదలు తెంపకుండా కిందికి జరిపి, ఎముక అంచు మీదుగా ఆ పల్లంలోకి పరిచి కుట్టి ఉంచుతాం. ఒకే పనితో మిట్టా తగ్గుతుంది, పల్లమూ నిండుతుంది. దీన్నే కొవ్వు సర్దడం అంటున్నాను. పల్లం లేకుండా ఉట్టి సంచి ఉన్న పిల్లవాడికి కాస్త తీస్తే చాలు, పటమట తమ్ముడి విషయంలో అదే చేసి ఉంటారు.

వెంట్రుకల కింద కోసే పద్ధతి తప్పేమీ కాదు. చర్మం బాగా వేలాడుతుంటే అది కావాలి. కానీ కొంచెం ఎక్కువ చర్మం తీసినా, రెప్పకు బిగువు తక్కువున్నా, రెప్ప కిందికి లాగేసి తెల్లగుడ్డు ఎక్కువగా కనబడుతుంది. అందుకే ముందు రెప్పను వేలితో పట్టి ముందుకు లాగి వదిలి చూస్తాం. టక్కున కంటికి అతుక్కోవాలి. నెమ్మదిగా వెళ్తే, లేదా రెప్ప ఆర్పాక గానీ వెళ్లకపోతే, కంటి బయటి మూల దగ్గర రెప్పను బిగించి కుట్టడం కూడా కలపాలి. మీ రెండో డాక్టర్ ఈ పరీక్ష చేశారా?

డల్లాస్ తెలుగింటి – మంగళవారం, రాత్రి 8.30

డాక్టర్ గారు చెప్పిన రెప్ప లాగేయడం మా అమ్మకు జరిగింది. అప్పుడు ఆవిడకు 58. బయటి నుంచి చేశారు. సంచులు పోయాయి, ఫోటోల్లో బాగానే ఉంది. కానీ కింది రెప్ప రెండు మిల్లీమీటర్లు దిగింది. గాలి తగిలితే కళ్లు మండేవి, నిద్రలో కన్ను పూర్తిగా మూసుకునేది కాదు. రాత్రిళ్లు కంట్లో జెల్ మందు వేసుకుని పడుకోవాల్సి వచ్చేది. రెండోసారి ఆపరేషన్ చేసి రెప్ప పైకి లేపించాకే తెరిపిన పడింది. అందం కోసం వెళ్లి కంటి సుఖం పోగొట్టుకున్నానని చాలా రోజులు కుమిలిపోయింది. ఆపరేషన్‌కి ముందే అమ్మకు కళ్లు పొడిబారే సమస్య ఉంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

అందుకే చెబుతున్నాను అక్కయ్యా, కంట్లో కాగితం ముక్క పెట్టి కన్నీరు ఎంత వస్తోందో చూసే పరీక్ష ఒకటుంది, అది అడిగి మరీ చేయించుకోండి. అయిదు నిమిషాల పని.

విశాఖ విశ్రాంతి – బుధవారం, ఉదయం 7.15

నాకు 64 ఏళ్లు. స్టెంట్ వేశారు, రోజూ ఆస్పిరిన్, ఇంకో రక్తం పలచన మాత్ర వేసుకుంటాను. నా సంచులు నన్నేమీ బాధించలేదు గానీ మా ఆవిడ చేయించుకోమంటోంది. మందులు వారం ముందు ఆపాలని ఎక్కడో చదివాను. నాకు నేనే ఆపేయవచ్చా?

రెప్పల డాక్టర్ – బుధవారం, ఉదయం 7.40

వద్దు సార్, దయచేసి ఒక్క రోజు కూడా మీ అంతట మీరు ఆపకండి. స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. మీ గుండె డాక్టర్ ఆపవచ్చని రాసి ఇస్తేనే మేము ముందుకు వెళ్తాం. ఆయన వద్దంటే ఈ ఆపరేషనే వద్దు. మిమ్మల్ని బాధించని సంచులు మీతో ఉంటే నష్టమేమీ లేదు. అమ్మగారికి నా మాటగా చెప్పండి.

రక్తం విషయంలో మేమెందుకు ఇంత పట్టు పడతామో అందరికీ తెలియాలి. రెప్ప ఆపరేషన్ తర్వాత కనుగుడ్డు వెనక రక్తం చేరడం సుమారు 2,000 మందిలో ఒకరికి జరుగుతుంది. అలా జరిగితే చూపు నరం నలిగిపోతుంది. ఒక కన్ను ఒక్కసారిగా రాయిలా బిగుసుకుని, నొప్పి పెరుగుతూ, చూపు మసకబారితే మర్నాటి దాకా ఆగకూడదు. అర్ధరాత్రయినా వెంటనే రావాలి. ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది. కాబట్టి ఆ రాత్రి ఎక్కడో దూరాన ఉండకండి. చేప నూనె గుళికలు, విటమిన్ ఇ, నొప్పి మాత్రలు ఏవి వాడుతున్నా డాక్టర్‌కి చెప్పండి. బీపీ అదుపులో ఉండాలి.

లెక్కల పుస్తకం (గుంటూరు) – బుధవారం, రాత్రి 9.00

ఖర్చు గురించి ఒక మాట. నేను ఇన్సూరెన్స్‌లో పనిచేస్తాను. అందం కోసం చేయించుకునే ఆపరేషన్ ఆరోగ్య బీమాలో రాదు. పైరెప్ప జారి చూపుకు అడ్డం పడితే క్లెయిముకు దారి ఉండవచ్చు, కింది సంచులకు మాత్రం ఆశ పెట్టుకోకండి. వైద్య సేవలకు జీఎస్టీ లేదంటారు గానీ కాస్మెటిక్ సర్జరీకి ఆ మినహాయింపు లేదు, 18 శాతం పడుతుంది. పుట్టుకతో వచ్చిన లోపానికో, ప్రమాదంలో దెబ్బతిన్నదానికో చేస్తే మినహాయింపు ఉంది. కొటేషన్ ఇచ్చినప్పుడు పన్నుతో కలిపేనా అని, ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టర్ ఫీజు, మళ్లీ సరిదిద్దాల్సి వస్తే ఎవరు భరించాలి అని కాగితం మీద రాయించుకోండి.

పటమట పిల్లాడు (హైదరాబాద్) – బుధవారం, రాత్రి 9.25

నాకు అన్నీ కలిపి 92,000 అయింది. ఇంతకంటే తక్కువకు చెప్పినవాళ్లూ ఉన్నారు, రెట్టింపు చెప్పినవాళ్లూ ఉన్నారు. నేను డబ్బు చూసి ఎంచుకోలేదు. నెలకు ఇలాంటివి ఎన్ని చేస్తారు, ఆపరేషన్ రాత్రి నేను ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు అని అడిగాను. రెండో ప్రశ్నకు ఒకాయన తన సొంత నంబరు రాసిచ్చారు. అక్కడే చేయించుకున్నాను.

గోదావరి గట్టు (రాజమండ్రి) – పన్నెండు రోజుల తర్వాత

వైజాగ్ వెళ్లి కంటి రెప్పల స్పెషలిస్టుకి చూపించుకున్నాను. మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ముందే చూసుకున్నాను. ఆవిడ ముప్పావు గంట కూర్చోబెట్టారు. కాగితం పరీక్ష, రెప్ప లాగి వదిలే పరీక్ష రెండూ చేశారు. థైరాయిడ్, మూత్ర పరీక్ష, షుగర్ అన్నీ బాగున్నాయి. నేను అడగకముందే "మీకు తీసేయకూడదు, సర్దాలి" అన్నారు. ముక్కు వైపు, మధ్య కొవ్వు కిందికి జరిపి, చెవి వైపు మాత్రం కొద్దిగా తీస్తారట. చర్మం కోయరు. సన్న ముడతలు అలాగే ఉంటాయని ముందే చెప్పారు. వాటికి లేజర్ చేయవచ్చు గానీ మన రంగు చర్మానికి నల్లమచ్చ పడే ప్రమాదం ఎక్కువ, పెళ్లి ముందు వద్దే వద్దన్నారు. వచ్చే గురువారం ఆపరేషన్. పెళ్లికి పది వారాలుంటుంది.

మావారు ఇంకా ఒప్పుకోలేదు. "నీ మొహానికి ఏమైందని?" అంటున్నారు. ఈ చర్చ మొత్తం ఆయనతో చదివించాను. విశాఖ సార్‌కి డాక్టర్ గారు ఇచ్చిన జవాబు చదివాక కొంచెం మెత్తబడ్డారు. వద్దనాల్సిన చోట వద్దనే డాక్టర్లు ఉన్నారని నమ్మకం కుదిరినట్టుంది.

గోదావరి గట్టు (రాజమండ్రి) – ఆపరేషన్ అయిన 4వ రోజు

రాస్తున్నది మా అమ్మాయి, చెబుతున్నది నేను. మొదటి రాత్రి వైజాగ్‌లోనే ఉన్నాం. మూడు దిళ్లు పెట్టుకుని సగం కూర్చుని నిద్రపోయాను. గంటకోసారి మావారు ఒక కన్ను మూసి గోడ మీద క్యాలెండర్ అంకెలు చదివించారు. ఆయింట్‌మెంట్ వల్ల అంతా పలచటి నెయ్యి వెనక నుంచి చూసినట్టుంది. నొప్పి పెద్దగా లేదు, పారాసెటమాల్‌తో సరిపోయింది. ఫ్రీజర్‌లో పెట్టిన బఠాణీలు పలచటి బట్టలో చుట్టి 20 నిమిషాలు, మళ్లీ విరామం. మూడో రోజుకి బుగ్గల దాకా వంకాయ రంగు.

టెన్షన్ అంతా ఈ రోజే. ఎడమ కంటి తెల్లగుడ్డు బయటి మూల సగ్గుబియ్యం జావలా ఉబ్బి రెప్ప మీదికి వచ్చింది. చూపు బాగుంది, నొప్పి లేదు. ఇలా అవుతుందా?

రెప్పల డాక్టర్ – అదే రోజు, అరగంట తర్వాత

అవుతుంది. కంటి పైపొర కింద నీరు చేరడం అది. చూపు బాగుండి, నొప్పి లేకపోతే సాధారణంగా కంగారు పడాల్సింది కాదు, రోజుల్లో తగ్గుతుంది, కొందరికి వారాలు పడుతుంది. అయినా మీ డాక్టర్‌కి ఇప్పుడే ఫోటో పంపండి, చుక్కల మందు మార్చవచ్చు. కంటిని ఆరిపోనివ్వకండి.

గోదావరి గట్టు (రాజమండ్రి) – 11వ రోజు

మందు మార్చారు, మూడు రోజుల్లో తగ్గింది. కొవ్వును పట్టి ఉంచడానికి బుగ్గ మీద రెండు వైపులా ఒక్కో చిన్న కుట్టు వేసి ఉంచారు, 5వ రోజున తీసేశారు. రెండు చుక్కల్లాంటి గుర్తులు మిగిలాయి. వంకాయ రంగు పసుపైంది. వంగి ముగ్గు వేయొద్దన్నారు, బరువులు ఎత్తొద్దన్నారు. రేపటి నుంచి స్కూలు. డల్లాస్ చెల్లీ, రెప్ప ఎక్కడిదక్కడే ఉంది, కన్ను పూర్తిగా మూసుకుంటోంది. మీ అమ్మగారి సంగతి మీరు రాయకపోతే ఆ కాగితం పరీక్ష గురించి నాకు తెలిసేదే కాదు. ఆవిడకు నా నమస్కారం చెప్పండి.

రెండు అడగాలి. జుట్టుకు రంగు ఎప్పుడు వేసుకోవచ్చు? పెళ్లికి కాటుక పెట్టుకోవచ్చా?

రెప్పల డాక్టర్ – అదే రోజు రాత్రి

జుట్టు రంగుకు, కాటుకకు కనీసం నాలుగు వారాలు ఆగండి. కాటుక పాత డబ్బా పారేసి కొత్తది తీసుకోండి, తీసేటప్పుడు రెప్పను పక్కకు లాగి రుద్దకండి. ముక్కు పక్కన చేతికి గట్టిగా తగిలితే భయపడకండి, సర్దిన కొవ్వు అక్కడ కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మసాజ్ మీ సర్జన్ చెబితేనే.

గోదావరి గట్టు (రాజమండ్రి) – 9 వారాల తర్వాత

పెళ్లికి ఇంకా వారం. కుడి కన్ను ముక్కు వైపు చిన్న బఠాణీ అంత గట్టిదనం ఇంకా ఉంది, బయటికి కనబడదు. ఎడమ వైపు పూర్తిగా సర్దుకుంది. సన్న ముడతలు ఆవిడ చెప్పినట్టే అలాగే ఉన్నాయి, నాకేమీ ఇబ్బంది లేదు. స్కూల్లో ఎవరూ ఏమీ కనిపెట్టలేదు. "సెలవులకు ఎక్కడికి వెళ్లొచ్చారు మేడమ్?" అని మాత్రం ఒకరిద్దరు అడిగారు. ఓరుగల్లు చెల్లీ, నీకు మళ్లీ చూపించుకునే ఆలోచన ఉంటే వైజాగ్ డాక్టర్ వివరాలు మెసేజ్‌లో పంపుతాను, రానూపోనూ ఎక్కడ దిగాలో కూడా రాస్తాను.